శనివారం గిల్లని మొగ్గ

సీడ్ పత్తి పండించే మా గద్వాల పక్క ఊళ్లలో ఎవరైనా మీకు చేయి చాపితే ముందు బొటనవేలు చూడండి. వానాకాలం నడుమకు వచ్చేసరికి ఆడా మగా అందరికీ కుడిచేతి బొటనవేలి గోరు పెరిగి ఉంటుంది. అది సోకు కాదు, పనిముట్టు. మధ్యాహ్నం పూట ఆడ సాళ్లలోకి పోయి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకొని, ఆ గోరుతో చుట్టూ గీరి, రేకులూ పుప్పొడీ ఊడదీసి, నడుమ కీలాన్ని ఒక్కదాన్నే మిగల్చాలి. దాన్ని గిల్లడం అంటాం. మర్నాడు పొద్దున మగ సాళ్లలోంచి విచ్చిన పువ్వు తెంపుకొచ్చి ఆ కీలానికి ముట్టించాలి. ముట్టిస్తే కాయ నిలుస్తుంది. లేకపోతే మొగ్గ ఎండి రాలిపోతుంది. ఈ మొత్తం పనికి క్రాసింగ్ అని పేరు. క్రాసింగ్ అయిపోయేదాకా మాలో ఎవరూ ఆ గోరు తీయరు.

ఈ పనికి సెలవు లేదు. పువ్వుకు ఆదివారం అని తెలియదు కదా. కానీ మా ఇంట్లో ఒక కట్టు ఉండేది. శనివారం మొగ్గ గిల్లం. శనివారం గిల్లితే ఆదివారం పొద్దున ముట్టించాలి. ఆదివారం పొద్దున మేం మందిరంలో ఉంటాం. అంటే వారానికి ఒకనాటి పంట వదులుకున్నట్టే. విత్తనాలిచ్చే ఆర్గనైజర్ నన్ను చూసి నవ్వేవాడు. పక్క చేను జహంగీర్ నవ్వేవాడు కాదు గానీ జాలిపడేవాడు.

"నేను జుమ్మా నమాజుకు పోయొచ్చి గిల్లుకుంటలేనా దేవదానం? మీ చేన్ల ఆదివారం నేనూ ఖతీజా ముట్టిస్తం, నువ్వు పోయి నీ ప్రార్థన జేస్కో" అనేవాడు. ఖతీజా అతని భార్య.

"వద్దు భాయ్. ఇచ్చిన రోజు ఇచ్చినట్టే ఉండాలె" అనేవాణ్ణి. ఆ మాట అనేటప్పుడు నాకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

మా చిన్న సంఘంలో ప్రార్థన అంటే నేనే. నాది పెద్ద గొంతు. పిల్లల జ్వరానికీ, చూలు కట్టని బర్రెకూ, పడని బోరుకూ నన్నే పిలిచేవారు. నేను ముగించి ఆమెన్ అనగానే కూర్చున్నవాళ్లంతా ఆమెన్ అనేవారు. అందరిదీ అయిపోయి, లేవడానికి మోకాళ్లు సర్దుకుంటుండగా నా భార్య జమ్ములమ్మ ఆమెన్ వినబడేది. ప్రతిసారీ ఆలస్యమే.

"అందరితోటి కలిపి అననీకి ఏమైతది నీకు?" అని కసిరితే, "నువ్వు గంత సేపు అరిచినవ్ గద. దాంట్లకెల్లి నాకు కావల్సింది ఏరుకొని, నాదొక మాట కలిపి, అప్పుడంట" అనేది. ఏ మాట కలిపేదో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

జమ్ములమ్మ అంటే గద్వాల దగ్గర కొలువున్న అమ్మవారి పేరు. మా అత్త జంగమ్మ ఆ తల్లికి మొక్కుకొని కన్న బిడ్డ. పెళ్లయ్యాక బాప్తిస్మం ఇచ్చి కరుణ అని పెట్టారు గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే పలికేది కాదు. అత్తది పాన్‌గల్. మా ఇంటికి వచ్చినప్పుడల్లా మేం ప్రార్థనకు కూర్చోగానే "మేకలు అరుస్తున్నయ్" అని లేచి పోయేది. మావి రెండే మేకలు, అవి అరిచిందీ లేదు.

మాకు పిల్లలు లేరు. ఏళ్ల తరబడి అడిగాను. అడిగి అడిగి, ఒకనాడు అడగడం మానేశాను. ఆ మానేసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది కాబట్టే, జమ్ములమ్మ జబ్బు విషయంలో మానకూడదని పట్టుబట్టాను.

*

విత్తనం పెట్టిన వారంలోనే బయటపడింది. మందిరం నుంచి వస్తుంటే ఆమె తెల్లచీర వెనక నెత్తురు. నెలసరి కాదు, అది ఆగిపోయి ఏడాది దాటింది. గద్వాల డాక్టరమ్మ చూసి హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాసింది. అక్కడ గర్భసంచి క్యాన్సర్ అన్నారు. ముదిరింది గానీ కరెంటు, అంటే రేడియేషన్, పెట్టి, మందు ఎక్కించి చూద్దామన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కిటికీ పక్కన కూర్చొని జమ్ములమ్మ కడుపు మీద చేయి వేసుకుంది.

"ఇన్నేండ్లు ఏం కాయని సంచి. సూడు, ఇప్పుడు కాసింది" అని నవ్వింది.

నేను నవ్వలేదు. తల వెనక్కి ఆనించి దేవునితో మాట్లాడుకుంటున్నాను. పిల్లల సంగతి ఎన్నడూ ఎత్తను తండ్రీ. కానీ నా శనివారాలు చూడు, ఊరంతా నవ్వినా నేను మాట తప్పలేదు. ఇప్పుడు నువ్వు తప్పకు. అదే మాట తిప్పి తిప్పి చెప్పుకుంటున్నాను.

"ఏమంటున్నవ్ ఆయనతోటి? పెదవులు ఆడుతున్నయ్" అంది.

చెప్పాను.

"నువ్వు ఆయనకాడికి కూలికి పోయినవా, కైకిలి అడుగుతున్నవ్?" అంది. అని, నా మొహం చూసి, "సరె సరె. అడుగు. నీ గొంతు నీది" అని నా భుజం మీద తల పెట్టి పడుకుంది.

చేను పని తన మీద వేసుకోవడానికి అత్త పాన్‌గల్ నుంచి దిగింది. మేమిద్దరం కరెంటు కోసం హైదరాబాద్‌లో ఉండిపోయాం. రోజూ పొద్దున ఆమెను లోపలికి తీసుకుపోయేవారు, బయట బల్ల మీద నేను. వార్డులో మంచం పక్కన మోకరించి గట్టిగా ప్రార్థన చేసేవాణ్ణి. నర్సు వచ్చి "తాతా, దేవునికి వినబడ్తది, జర మెల్లగ" అని మందలించేది. తాత అన్నందుకు జమ్ములమ్మ ఆ రోజంతా నన్ను ఆట పట్టించింది.

పక్క మంచం తిమ్మాజిపేట రేణుకమ్మది. అదే జబ్బు. నొసట రూపాయి బిళ్లంత బొట్టు, మెడలో ఏవో తాయెత్తులు. రెండు మూడు రోజులు నన్ను గమనించి, "అన్నా, గంత మంచిగ అడుగుతున్నవ్. దేవుళ్లు ఎవరైతేంది, నాకు గూడ జర అడుగరాదూ" అంది. అడిగాను. అడగడానికి నాకేం కరువు? ఆమె పేరు చెప్పి, ఊరు చెప్పి, తల మీద చేయి పెట్టి అడిగాను. జమ్ములమ్మ తన మంచం మీది నుంచి ఆలస్యంగా ఆమెన్ అంది.

ఒకనాడు నర్సు వేలికి క్లిప్పు పెట్టబోయి జమ్ములమ్మ బొటనవేలు చూసి ఆగింది.

"ఈ గోరు ఏందమ్మా గింత పెంచినవ్? తీసెయ్, మట్టి జేర్తది."

"తియ్యను" అంది జమ్ములమ్మ చేయి లాక్కొని. "పోయినంక క్రాసింగ్ ఉంది నాకు."

"నీకు లేసి నిల్చోను శాతనైతలేదు, క్రాసింగ్ ఏందమ్మా?"

"అప్పటిదాంక అయితది. నువ్వు వేరే ఏలికి పెట్టుకో."

నర్సు వేరే వేలికి పెట్టుకుంది. ఆ గోరును చూస్తే నాకు దవాఖాన కాగితాల కంటే ఎక్కువ ధైర్యం వచ్చేది. నేను దేవుణ్ణి నోటితో అడుగుతున్నాను, ఆమె గోరుతో అడుగుతోంది అనుకున్నాను.

*

క్రాసింగ్ మొదలయ్యే నాటికి ఇంటికి వచ్చాం. నెత్తురు ఆగింది. డాక్టర్లు కూడా కొంచెం ముఖం విప్పారు. ఇంకా మందు ఎక్కించుకోవడానికి మధ్య మధ్య పోయి రావాలి, అంతే. మధ్యాహ్నం ఎండ వాలాక జమ్ములమ్మ మెల్లగా చేనికి వచ్చి, గట్టు పక్క సాలులో నిలబడి మొగ్గలు గిల్లేది. ఒక మొక్కకు గిల్లితే కాసేపు కూర్చునేది. కూర్చొని నన్నూ వాళ్లమ్మనూ తప్పులు పట్టేది.

"అమ్మా, కీలం తెంపుతున్నవ్. నీకు నేను నేర్పించాల్నా?"

"నీకు నడువ నేర్పించింది నేను" అనేది అత్త.

ఆ నవ్వులు విని జహంగీర్ తన చేనిలోంచి, "వదినె వచ్చిందంటె మీ చేను పెండ్లిల్లు లెక్క ఉంటది" అని అరిచేవాడు. అవి మంచి రోజులు. ఆ ఎండ, ఆ మందుల వాసన, చేతులకు అంటిన పత్తి జిగురు, అన్నీ కలిపి ఇప్పుడు నన్ను తెచ్చి మళ్లీ అక్కడ నిలబెట్టమంటే నిలబడతాను.

ఒక మంగళవారం అత్త ఎవరికీ చెప్పకుండా గద్వాల పోయి వచ్చింది. మర్నాడు నేను ఆమె పక్క సర్దుతుంటే తల కింది మెత్త అడుగున గుడ్డలో కట్టిన పసుపు దొరికింది. అమ్మవారి దగ్గరి బండారు. ఒక పక్క నేను ఉపవాసం ఉండి అడుగుతుంటే, ఇంకో పక్క ఇదా!

"ఏందత్తా ఇది?" అని ఎత్తి చూపాను.

అత్త తలెత్తి నా కళ్లలోకి చూసింది. "నా బిడ్డకు పేరు పెట్టిన తల్లి. అడిగొచ్చిన. తప్పా?"

"నా ఇంట్ల—"

"నీ ఇంట్ల ఏమో గాని, మెత్త నాది" అంది మంచం మీది నుంచి జమ్ములమ్మ. "పసుపే గద. దాని బరువు నాకేం దెలుస్తలేదు. అమ్మ పెట్టింది, ఉండనీ."

"ఆయన ఏమనుకుంటడు?"

"ఎవరు, యేసయ్యనా? ఆయనకూ ఒక అమ్మ ఉండె. ఏమనుకోడు."

గుడ్డ మూట మళ్లీ మెత్త కింద పెట్టాను. పెట్టినందుకు రెండు రోజులు నా మీద నాకే కోపంగా ఉండింది.

*

క్రాసింగ్ ఇంకా మూడు వారాలు ఉందనగా ఆమెకు దగ్గు మొదలైంది. ఆయాసం. మందు ఎక్కించడానికి పోయినప్పుడు ముందు స్కానింగ్ ఫొటో తీయాలన్నారు. తీశాక నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచారు.

డాక్టరు చిన్నవాడు, మంచివాడు. కుర్చీ నా వైపు జరుపుకొని చెప్పాడు. ఊపిరితిత్తుల్లోకి పోయింది, కాలేయంలోకీ పోయింది. ఇంక మందు ఎక్కిస్తే బాధే తప్ప మేలు లేదు. ఇంటికి తీసుకుపోండి, నొప్పికి గోలీలు ఇస్తాను, ఇష్టమైనవి పెట్టండి అన్నాడు. లేచి నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

వరండాలో ఎవరో వచ్చి నా కాళ్ల మీద పడ్డారు. చూస్తే తిమ్మాజిపేట రేణుకమ్మ. కొత్త చీర కట్టుకుంది, ఒళ్లు చేసింది.

"అన్నా! అంత సాఫ్ అన్నరు అన్నా. ఏం లేదంట. ఆర్నెల్లకు వస్తె సాలంట. నువ్వు అడిగినవు, నీ దేవుడు పలికిండు. నీకు దండం బెడ్త" అని ఏడుస్తూ నవ్వుతోంది. "వదినె ఏది? వదినెకు గూడ సాఫ్ అన్నరా?"

"బయట కూసుంది" అన్నాను. రేణుకమ్మ పరుగున పోయింది. దూరం నుంచి చూశాను, ఆమె చెప్పింది విని జమ్ములమ్మ ఆమె రెండు చెంపలూ పట్టుకొని ముద్దు పెట్టుకుంది. అప్పటికి జమ్ములమ్మకు తన సంగతి ఎవరూ చెప్పలేదు. నా మొహం చూసి తెలుసుకుందో, అంతకు ముందే తెలుసో, రైలెక్కాక కూడా ఒక్క మాట అడగలేదు. గద్వాల దగ్గరికి వస్తుండగా మాత్రం, "రేణుక మంచిగైంది. నాకు సంబురమైంది" అంది.

నాకు కాలేదు. చెబుతున్నాను కదా, నాకు కాలేదు. నా గొంతు ఆయనకు వినబడుతుంది, మా మంచం దాకా వచ్చి పక్క మంచం మీద చేయి వేసి పోయాడు. అది ఎక్కడి న్యాయం?

మర్నాడు శనివారం. మధ్యాహ్నం అన్నం తినకుండా చేనికి పోయాను. ఆడ సాళ్లలోకి దిగి మొగ్గలు గిల్లడం మొదలుపెట్టాను. ఒక సాలు, రెండో సాలు. గోరు కింద నెత్తురు వచ్చినా ఆపలేదు.

అత్త గట్టు మీదికి వచ్చి నిలబడింది. "అల్లుడా, ఈ రోజు శనివారం."

"తెలుసు."

"మరి గిల్లుతున్నవ్?"

"అందరు గిల్లుతలేరా? నేను మనిషిని గాదా?"

అత్త చేనిలోకి దిగలేదు, నాకు సాయం పట్టలేదు. జమ్ములమ్మ నమ్మే దేవుణ్ణి నమ్మని ముసలిది, ఆ కట్టు మాత్రం తాను తప్పలేదు.

*

ఆదివారం పొద్దున మందిరం గంట వినబడుతుంటే నేను చేనిలో ఉన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ గంట బయటి నుంచి విన్నాను. చుట్టూ పూలు తెల్లగా విచ్చి ఉన్నాయి. మగ పూలు తెంపి ఒళ్లో పోసుకొని ఒక్కొక్కటే ముట్టిస్తుంటే, బాట మీద జహంగీర్ ఆటో ఆగింది. జహంగీర్ ఒక పక్క, అత్త ఒక పక్క పట్టుకొని జమ్ములమ్మను దింపారు. మందిరానికి కట్టే తెల్లచీరలోనే ఉంది. గట్టు మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టి, జహంగీర్ నా వైపు చూడకుండానే ఆటో దగ్గరికి పోయి కూర్చున్నాడు.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఇటు తే నాల్గు పూలు" అంది.

ఒళ్లో పోశాను. కూర్చున్న చోటి నుంచి చేయి అందే మొక్కలకు ముట్టించడం మొదలుపెట్టింది. మెల్లగా, పసిపిల్ల నోటికి పాలు అందించినట్టు. ఒకటి ముట్టించి దగ్గి, మళ్లీ ఒకటి.

"డాక్టర్ ఏమన్నడో నాకు ఎరుకే" అంది. "నువ్వు చెప్పలేవని నేను అడగలే."

నేను పూలు చూస్తూ నిలబడ్డాను.

"ఒకటి అడుగుత, ఇస్తవా?"

"ఏంది?"

"ఇగ అడుగుడు బంద్ జెయ్యి. బతికియ్యి బతికియ్యి అని గట్ల అరువకు. నాకు శాతనైతలేదు. నన్ను ఆయనకు అప్పజెప్పు. అప్పగింపు ప్రార్థన ఉంటది గద, అందరికీ నువ్వే జేస్తవ్. నాకు గూడ జెయ్యి."

అప్పగింపు ప్రార్థన అంటే పోయేవాళ్లను దేవుని చేతిలో పెట్టడం. ఎందరో ముసలివాళ్ల మంచాల పక్కన చేశాను. గడగడా చేశాను.

"ఎందుకు జేస్త? నీ గోరు సూడు" అని ఆమె చేయి పట్టుకొని పైకెత్తాను. "క్రాసింగ్ ఇంకా ఉంది గద! గోరు ఉంచుకున్నవ్ గద! మనసుల లేకుంటె ఎందుకు ఉంచుకుంటవ్?"

ఆమె తన బొటనవేలిని తానే కాసేపు చూసుకుంది. ఒళ్లో మిగిలిన పూలు అయిపోయేదాకా ముట్టించి, "అమ్మా, పోదాం" అంది.

నేను పని ముగించుకొని ఇంటికి వచ్చేసరికి మంచం మీద గోడకు ఒరిగి కూర్చొని ఉంది. పక్కన బ్లేడు. అరచేతిలో ఏదో పట్టుకొని ఉంది. దగ్గరికి పోతే చేయి విప్పి చూపింది. బొటనవేలి గోరు, నెలవంకలా తెగి ఉంది. వేలి కొస చిన్నపిల్ల వేలిలా మెత్తగా, పాలిపోయి కనిపించింది.



*

సాయంత్రం భాస్కర్ అయ్యగారు వచ్చారు. మా పాస్టరు. నాకంటే చిన్నవాడు. చేతిలో వాక్యగ్రంథం, చిన్న నూనె సీసా. జమ్ములమ్మే కబురు పెట్టిందట. నేను ద్వారానికి అడ్డంగా నిలబడ్డాను.

"మా ఇంట్ల ఎవరు సావలే అయ్యగారూ. మీరు పోయి రాండి."

"నేను జేస్తా అని రాలేదన్నా. ఆమె నన్ను చెయ్యమంటలేదు. మీతోటి చేయించమని పిలిచింది" అన్నారాయన. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నేను కదలలేదు. ఆయన నా చేయి ఒకసారి పట్టుకొని వదిలి, వెళ్లిపోయారు.

తర్వాతి రోజుల గురించి ఎక్కువ చెప్పలేను. గోలీలు వేస్తే మగతలో ఉండేది, మగత విడితే మూలిగేది. మనిషి సగమైంది. నీళ్లు చెంచాతో పోస్తే పెదవి పక్క నుంచి జారిపోయేవి. అయినా పోదు. ఊపిరి ఆగినట్టే ఆగి, మళ్లీ ఎక్కడి నుంచో తెచ్చుకునేది. చూడవచ్చిన వాళ్లు "ఎవరి కోసమో ఆగుతుంది" అనేవారు. దూరాన ఉన్న చుట్టాల పేర్లు చెప్పేవారు. నేను మంచం పక్కన మోకరించేవాణ్ణి, నోరు తెరిచేవాణ్ణి, బతికించు అన్న మాటే వచ్చేది. ఆ మాట వినబడగానే ఆమె కళ్లు మూసుకొని మొహం గోడకు తిప్పుకునేది. అందుకని నోరు తెరవడం కూడా మానేశాను. అంత గొంతున్నవాణ్ణి, మూగవాణ్ణి అయిపోయాను.

ఒక తెల్లవారుజామున, అత్త బిడ్డ పాదాల దగ్గర కూర్చొని కాళ్లు ఒత్తుతూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"అల్లుడా, నీకొక మాట చెప్త. మొదాలు నేను తల్లికాడికి పోయి, నా బిడ్డను బతికియ్యి అని మొక్కిన. పసుపు తెచ్చిన. మొన్న మంగళవారం మళ్ల పోయిన."

"ఎందుకు?"

"మొక్కు తిప్పుకోనీకి. తీస్కపో తల్లీ, ఇగ సాలు, నా బిడ్డను తీస్కపో అని చెప్పొచ్చిన." అత్త చేతులు ఒత్తడం ఆపలేదు. "కన్నదాన్ని. నా నోటితోటి నేను చెప్పిన. నీ దేవునికి నువ్వు చెప్తలేవు. అదేమో నీ మాట కోసం సూస్తుంది."

నేను అత్త మొహం చూశాను. ఆ ముసలి మొహంలో ఏడుపు లేదు. ఏడుపంతా గద్వాలలో ఆ గుడి మెట్ల మీద పెట్టి వచ్చినట్టుంది. ఆమె పక్కన నా ఉపవాసాలు, నా శనివారాలు, నా గొంతు అన్నీ ఎంత చిన్నవో అప్పుడు తెలిసింది. నా భార్యను నేను దేవుణ్ణి అడగడం లేదు, ఆమెను అడ్డం పెట్టి ఆయనతో కొట్లాడుతున్నాను. మధ్యలో నలుగుతున్నది ఆమె.

బయట ఎండ పొడుస్తోంది. ముందురోజు గిల్లిన మొగ్గలు చేనిలో ఉన్నాయి, ముట్టించే వేళవుతోంది. గోడ అవతలి నుంచి జహంగీర్ గొంతు వినబడింది.

"దేవదానం, నువ్వు వదినె కాడ ఉండు. మీ చేనికి నేనూ ఖతీజా పోతున్నం."

"పో భాయ్" అన్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఒప్పుకున్నాను.

తర్వాత మంచం పక్కన మోకరించాను. జమ్ములమ్మ చేయి రెండు చేతుల్లోకి తీసుకున్నాను. గోరు తీసిన బొటనవేలు నా అరచేతికి తగిలింది. ఆమె కళ్లు కొద్దిగా తెరుచుకున్నాయి. నన్ను చూసిందనే అనుకుంటున్నాను.

అరవలేదు. నా జీవితంలో అంత చిన్న గొంతుతో ఎన్నడూ ప్రార్థన చేయలేదు.

"తండ్రీ, ఇది జమ్ములమ్మ. నీకు ఎరుకే. నాకు ఇచ్చినవ్, మంచిగ సూస్కున్న, నాకు శాతనైనంత. ఇగ నాతోటి అయితలేదు. నీ చేతుల పెడుతున్న. నొప్పి లేకుంట జూడు. అన్నం వండిన వాసన పడ్తలేదు దానికి, జర యాది పెట్టుకో. ఒంటిగ ఉంటె భయపడ్తది. నేనొచ్చేదాంక ఎవరినన్న తోడు ఉంచు. నేను ఇడుస్తున్న తండ్రీ. తీస్కో."

ఆమెన్ అన్నాను.

అని ఆగాను. ఆమెది ఎప్పుడూ ఆలస్యమే కదా. నేను చెప్పిన దాంట్లోంచి కావాల్సింది ఏరుకొని, తనదొక మాట కలుపుకొని, అప్పుడు అంటుంది. కళ్లు మూసుకొనే ఎదురుచూశాను. బయట జహంగీర్ ఆటో మొదలైన చప్పుడు, అది దూరం పోయిన చప్పుడు వినబడ్డాయి. ఆమె చేయి ఇంకా వెచ్చగానే ఉంది.

అత్త లేచి వచ్చి బిడ్డ మీదికి వంగింది.

"ఆమెన్ అను బిడ్డా" అంది చెవి దగ్గర. "నీ మొగడు సూస్తుండు. ఆమెన్ అను."

కాసేపాగి మళ్లీ అంది. తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చెదిరిన జుట్టు సర్దింది. చీర కొంగు భుజం మీదికి లాగింది. ప్రార్థన మొదలుకాగానే మేకలు అరుస్తున్నాయని ఇన్నేళ్లూ లేచి పోయిన మా అత్త జంగమ్మ, ఆ పొద్దు ఎక్కడికీ పోకుండా మంచం పక్కన నిలబడి, రెండు చేతులూ జోడించి, బిడ్డ బదులు తానే ఆమెన్ అంది.